మౌనానికి ఒప్పుకోని ప్రేమ



క్వాయ్ నది మీది వంతెన పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1957లో డేవిడ్ లీన్ తీసిన ఇంగ్లీషు సినిమా వల్ల ఆ వంతెన ప్రపంచమంతటికీ తెలిసింది. ఈల పాట వేసుకుంటూ కవాతుగా నడిచొచ్చే బ్రిటిష్ యుద్ధఖైదీలు, అడవి, నది, చివర్లో పేలిపోయే వంతెన. ఆ వంతెన ఉన్న రైలు దారి మీద నిజంగా పని చేసి ప్రాణాలతో బయటపడ్డవాళ్లలో చాలామందికి ఆ సినిమా రుచించలేదు. తెర మీద కనిపించినంత పుష్టిగా ఉన్న ఖైదీ ఒక్కడు కూడా అక్కడ లేడన్నది వాళ్ల మాట. అలా బతికి బయటపడ్డవాళ్లలో ఎరిక్ లోమాక్స్ ఒకరు. ఆయన యుద్ధం నుంచి ఇల్లు చేరింది 1945లో. మనసు చేరడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. ఆ యాభై ఏళ్ల గురించి, ఆయన ఆ దారి దాటడానికి తోడు నిలిచిన ఒక స్త్రీ గురించి ఈ రోజు మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

లోమాక్స్ 1919 మే 30న స్కాట్లండులోని ఎడింబరోలో పుట్టాడు. ఇంట్లో ఒక్కడే పిల్లవాడు. చిన్నప్పటి నుంచి రైళ్లంటే ప్రాణం. ఏ ఇంజను ఏ సంవత్సరం తయారైంది, ఏ కంపెనీది, ఏ దారిలో తిరుగుతుంది, ఇవన్నీ నోటికి చెప్పేవాడు. పదహారేళ్లకే బడి మానేసి తపాలా శాఖలో చేరాడు. టెలిగ్రాఫ్ పని వంటబట్టింది. 1939లో యుద్ధం ముంచుకొస్తుంటే సైన్యంలో సిగ్నల్స్ విభాగానికి వెళ్లాడు. చర్చిలో పరిచయమైన అమ్మాయితో పెళ్లి మాట ఖాయం చేసుకుని ఓడెక్కాడు. వైర్లు, వాల్వులు, సంకేతాలు తెలిసిన ఆ కుర్రవాడు అధికారి హోదాలో మలయా చేరిన కొన్నాళ్లకే అక్కడి యుద్ధం ఓటమి వైపు నడిచింది.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాను సైన్యానికి లొంగిపోయింది. ఆ లొంగుబాటులో ఎనభై వేలకు పైగా సైనికులు ఖైదీలయ్యారు. వాళ్లలో సుమారు సగం మంది మన దేశపు సైనికులేనన్న సంగతి ఇవాళ మనకే సరిగ్గా గుర్తులేదు. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్చి ఖైదీలను జపానువాళ్లు వేలకు వేలుగా థాయ్‌లాండ్ అడవులకు తరలించారు. థాయ్‌లాండులోని బాన్‌పాంగ్ నుంచి బర్మాలోని తన్‌బ్యుజయత్ దాకా 415 కిలోమీటర్ల మీటర్ గేజి రైలు దారి వెయ్యాలి. కొండలు తొలవాలి, నదులు దాటాలి, వానాకాలంలో కూడా పని ఆగకూడదు. 1942 మధ్యలో మొదలైన ఆ దారి 1943 అక్టోబరు 17న రెండు కొసలూ కలిసింది. అరవై వేల మందికి పైగా ఖైదీలు అక్కడ పని చేస్తే పన్నెండు వేల మందికి పైగా చనిపోయారు. కలరా, విరేచనాలు, మలేరియా, బెరిబెరి, ఆకలి, దెబ్బలు.

అయితే ఆ లెక్క ఇంకా పెద్దది. ఖైదీల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఆసియా కూలీలు అక్కడ పని చేశారు. బర్మీయులు, మలయ్‌లు, జావా ద్వీపంవాళ్లు, మలయా రబ్బరు తోటల్లోని తమిళులు, వాళ్లతో పాటు మన తెలుగువాళ్లు. ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి పొట్ట చేతబట్టుకుని తోటల పనికి వెళ్లినవాళ్లు, వాళ్ల పిల్లలు. కొందరిని మంచి కూలి ఇస్తామని మభ్యపెట్టి తీసుకెళ్లారు, కొందరిని బలవంతంగా లారీలెక్కించారు. వాళ్లలో చనిపోయినవాళ్లు దాదాపు తొంభై వేల మంది ఉంటారని అంచనా. సైనికులకు సైన్యం జాబితాలున్నాయి, డాక్టర్లున్నారు, చనిపోతే పేరు రాసి పాతిపెట్టే తోటివాళ్లున్నారు. థాయ్‌లాండులోని కాంచనబురి యుద్ధ శ్మశానంలో దాదాపు ఏడు వేల సమాధులు ఇవాళ్టికీ వరసగా, శుభ్రంగా ఉన్నాయి. తోట కూలీలకు అలాంటి వరసలు లేవు, పలకలు లేవు. లోమాక్స్ కథ చెబుతూ వాళ్లను దాటి వెళ్లడం నాకు న్యాయమనిపించలేదు. అందుకే ఈ మాటలు.

ఇక లోమాక్స్ దగ్గరికి వద్దాం. కాంచనబురి శిబిరంలో ఆయన, మరికొందరు స్నేహితులు కలిసి దొంగచాటుగా ఒక రేడియో తయారుచేశారు. చిన్న డబ్బాలో దాచిపెట్టగలిగేంత సెట్టు. దానితో కబురు పంపడం కుదరదు, వినడం మాత్రమే కుదురుతుంది. రాత్రి దుప్పటి కింద ఒకడు చెవి ఒగ్గి వినేవాడు. విన్న వార్త మర్నాటికి నోటి మాటగా శిబిరమంతా పాకేది. ఆ రైలు దారి శిబిరాల్లో ఖైదీలు దాచుకున్న రేడియోలకు అందిన స్టేషన్లలో మన ఆలిండియా రేడియో ఢిల్లీ కేంద్రం ఒకటి. రేడియోలో మాట్లాడుతున్న నాకు ఈ ఒక్క విషయం తెలిసినప్పుడు ఒళ్లు గగుర్పొడిచింది. ఇక్కడ ఢిల్లీలో ఎవరో ఒక అనౌన్సర్ మామూలుగా వార్తలు చదివి లేచి వెళ్లిపోయి ఉంటారు. అక్కడ అడవిలో, ఎముకలు తేలిన మనుషులు ఆ గొంతు పట్టుకుని ఇంకో రోజు బతికారు.

1943 ఆగస్టు చివర్లో సోదాలో ఆ రేడియో దొరికిపోయింది. లోమాక్స్‌నూ, తోటి అధికారులనూ పొద్దంతా ఎండలో నిలబెట్టి, రాత్రి గొడ్డలి కర్రల్లాంటి దుడ్డుకర్రలతో కొట్టారు. లోమాక్స్ చేతులు రెండూ విరిగాయి, పక్కటెముకలు విరిగాయి. ఆ విడతలో ఇద్దరు అధికారులు దెబ్బలకే చనిపోయారు. తరువాత కెంపెతాయ్ అనే మిలిటరీ పోలీసుల చేతికి అప్పగించారు. లోమాక్స్ దగ్గర ఆయన స్వయంగా గీసుకున్న రైలు దారి పటం ఒకటి దొరికింది. ఎందుకు గీశావంటే, నాకు రైళ్లంటే ఇష్టం అన్నాడు. అది నూటికి నూరు పాళ్లూ నిజం. చిన్నప్పటి ఆ ఇష్టమే గూఢచారి పనికి సాక్ష్యమైంది. విరిగిన చేతులతో బల్లకు కట్టేసి, ముక్కులోకి నోట్లోకి గొట్టంతో నీళ్లు వదిలారు. రోజుల తరబడి సాగిన ఆ విచారణలో ప్రశ్నలన్నీ ఒకే గొంతులోంచి వచ్చాయి. ఇంగ్లీషు వచ్చిన ఒక కుర్ర జపాను దుబాసీ గొంతు అది. కొట్టింది అతను కాదు, నీళ్లు పట్టింది అతను కాదు. కానీ లోమాక్స్‌కు అర్థమయ్యే మాట మాట్లాడింది అతనొక్కడే. అందుకని ఆ ద్వేషమంతా ఆ ఒక్క మొహానికే అతుక్కుపోయింది. బ్యాంకాక్‌లో సైనిక కోర్టు అయిదేళ్ల శిక్ష వేసి సింగపూర్‌లోని ఔట్రమ్ రోడ్ జైలుకు పంపింది. మాట్లాడటమే నేరమైన జైలు అది.

1945లో విడుదలైనప్పుడు లోమాక్స్‌కు ఇరవై ఆరేళ్లు. ఇల్లు చేరాక తెలిసింది, సింగపూర్ పడిపోయిన కొన్నాళ్లకే తల్లి చనిపోయిందని. కొడుకు బతికున్నాడో లేదో తెలియకుండానే ఆమె కన్నుమూసింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. యుద్ధానికి ముందు మాటిచ్చిన అమ్మాయి మాత్రం ఎదురుచూస్తూ ఉంది. తిరిగొచ్చిన కొద్ది వారాలకే పెళ్లయిపోయింది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ రోజుల్లో తూర్పు దేశాల నుంచి విడుదలైన ఖైదీలకు సైన్యం ఒక కరపత్రం ఇచ్చింది. చూసినవి బయట చెప్పకండి, చనిపోయినవాళ్ల ఇళ్లవాళ్లు బాధపడతారు అన్నది దాని సారాంశం. ఆ మాటలో కొంత దయ ఉంది, కాదనను. కానీ జరిగిందేమిటి? జైల్లో మాట్లాడితే కొట్టారు, ఇంటికొచ్చాక మాట్లాడొద్దన్నారు. చుట్టాలూ పక్కాలూ కూడా గడిచిందేదో గడిచింది, మర్చిపో అన్నారు. ఇంట్లో భార్య యుద్ధకాలపు రేషన్ల కష్టాలు చెబుతుంది. ఆయన వింటాడు. తన కష్టం చెప్పడానికి నోరు రాదు. ఆమె పడింది కూడా కష్టమేనని ఒప్పుకోవడానికి మనసు రాదు. ఇద్దరి మధ్య గోడ అలా లేచింది. ముగ్గురు పిల్లలు పుట్టారు, వాళ్లలో ఒక బిడ్డ పసితనంలోనే పోయాడు. మధ్యలో కొన్నేళ్లు గోల్డ్ కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, ప్రభుత్వోద్యోగం. అక్కడా రైలు దారి పనే. తరువాత గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. బయటి నుంచి చూస్తే నెమ్మదైన, మర్యాదస్తుడైన పెద్దమనిషి. ఉద్యోగం ఉంది, ఇల్లు ఉంది, పుస్తకాలున్నాయి. లోపల మాత్రం ఆ దుబాసీని ఎలా పట్టుకోవాలి, ఎలా చంపాలి అన్న ఆలోచన ముప్పై, నలభై ఏళ్ల పాటు ఆరలేదు.

ఆ మొదటి పెళ్లి చివరికి విడాకులతో ముగిసింది. లోమాక్స్ గురించి తీసిన సినిమాలో ఆ మొదటి భార్య కనిపించదు, పిల్లలు కనిపించరు. ఒంటరివాడికి ముదిమిలో ప్రేమ దొరికినట్టు చూపించారు. నాకది బాధ కలిగించింది. మూడున్నర దశాబ్దాలు ఆ మౌనంతో కాపురం చేసినావిడ, ఆ మౌనం మధ్య పెరిగిన పిల్లలు కూడా ఆ యుద్ధంలో గాయపడ్డవాళ్లే. వాళ్ల గాయానికి పతకం లేదు, పింఛను లేదు, కథలో చోటు కూడా లేకుండా పోయింది. లోమాక్స్ జీవితంలో తరువాత వచ్చిన ప్రేమ గొప్పదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. ఆ గొప్పతనం చెప్పడానికి వీళ్లను చెరిపెయ్యాల్సిన పని లేదు.

1980లో ఒక రోజు లోమాక్స్ ఇంగ్లండులోని క్రూ జంక్షన్లో గ్లాస్గో వెళ్లే రైలెక్కాడు. అరవై దాటిన మనిషి. పెట్టెలో ఒకావిడ కూర్చుని ఉంది. కెనడాలో స్థిరపడిన నర్సు. స్కాట్లండు చూడాలని వచ్చింది. పేరు ప్యాట్రీషియా, అందరికీ ప్యాటీ. ఆయన కన్నా పదిహేడేళ్లు చిన్న. మాట కలిసింది. రైలు ఏ ఊరు దాటితే ఆ ఊరి చరిత్ర ఆయన చెబుతూ పోయాడు, ఆమె శ్రద్ధగా వింటూ పోయింది. కుర్రతనంలో రైళ్ల మీద పెంచుకున్న పిచ్చి ఒకసారి ఆయన్ని చిత్రహింసల గదికి తీసుకెళ్లింది. ఈసారి అదే పిచ్చి ఆయన్ని ప్యాటీ ఎదురుగా కూర్చోబెట్టింది. 1983లో వాళ్ల పెళ్లయింది.

కథ ఇక్కడితో సుఖాంతమని అనుకుంటాం. ప్యాటీ కూడా అలాగే అనుకుని ఉంటుంది. పెళ్లయ్యాక ఆమెకు తెలిసింది, తను కట్టుకున్నది ఒక మనిషిని మాత్రమే కాదని. రాత్రుళ్లు ఆయన కేకలు వేస్తూ లేచేవాడు. పగలు ఏదో ఒక చిన్న మాటకు, కాగితాల మీద ఏదో ఒక ప్రశ్నకు, మొహం రాయిలా మారిపోయేది. ఇక రోజుల తరబడి మాట ఉండదు. కోపంతో అరిచినా ఎదుటివాళ్లకు దారి దొరుకుతుంది. ఈ చల్లని మౌనంలోకి దారి లేదు. ఎవరైనా గట్టిగా ప్రశ్నలడిగితే చాలు, ఆయన మళ్లీ ఆ విచారణ బల్ల దగ్గరికి వెళ్లిపోయేవాడు. విచారణలో బతకడానికి ఆయన నేర్చుకున్న ఉపాయం ఒకటే, లోపలికి వెళ్లి తలుపు వేసుకోవడం. యుద్ధంలో ప్రాణం కాపాడిన ఆ ఉపాయమే సంసారంలో ప్రాణం తీస్తోంది.

యుద్ధం, హింస మిగిల్చే మానసిక గాయానికి అమెరికా మానసిక వైద్యుల సంఘం పీటీఎస్‌డీ అని పేరు పెట్టి అధికారికంగా రోగాల జాబితాలో చేర్చింది 1980లోనే. లోమాక్స్, ప్యాటీ రైల్లో కలిసిన ఏడే అది. అంటే సింగపూర్ లొంగిపోయిన ముప్పై ఎనిమిదేళ్ల దాకా ఆయన జబ్బుకు వైద్య గ్రంథాల్లో ఆ పేరే లేదు. పీడకలలు, ఉలికిపాటు, ఆ రోజులే మళ్లీ కళ్ల ముందు జరుగుతున్నట్టు అనిపించడం, గుర్తుచేసే చోట్లకు దూరంగా పారిపోవడం, దగ్గరివాళ్ల మీద కూడా మనసు మొద్దుబారడం. ఇవి పిరికితనం లక్షణాలు కావు, చెడ్డ గుణమూ కాదు. ప్రాణాపాయంలో అప్రమత్తంగా ఉండటం నేర్చుకున్న ఒళ్లు, అపాయం దాటిపోయిందన్న కబురు అందక ఇంకా కాపలా కాస్తూ ఉండటం.

ప్యాటీ చేసిన పని ఏమిటి? ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. ఆమె సర్దుకుపోలేదు. మన ఇళ్లలో ఇలాంటి భర్త ఉంటే, ఆయన స్వభావమే అంత, కదిలించకండి అని పిల్లలకు చెప్పి, వంటింట్లో కళ్లు తుడుచుకునే ఇల్లాళ్లను మనం చూశాం. వాళ్ల ఓర్పును పొగిడాం కూడా. ప్యాటీ ఓర్పుతోనే ఉంది గానీ, ఆ మౌనం మాత్రం ఇలాగే ఉండాలని ఒప్పుకోలేదు. వృత్తిరీత్యా నర్సు, గాయం కనబడితే కట్టు కట్టే ముందు శుభ్రం చేయాలని తెలిసిన మనిషి. ఆయన గతం గురించి చదివింది, అడిగింది, సహాయం కోసం వెతికింది. ఆయన్ని వదిలేస్తానని బెదిరించడం కన్నా, నీతోనే ఉంటాను, కానీ ఇది ఇలా ఉండనివ్వను అనడం కష్టం. ఆ కష్టమైన పని ఆమె చేసింది.

ఆ వెతుకులాటలో లండన్‌లోని ఒక సంస్థ ఆసరాగా దొరికింది. చిత్రహింసలకు గురైనవాళ్ల వైద్యం కోసం 1985లో హెలెన్ బాంబర్ స్థాపించిన మెడికల్ ఫౌండేషన్ అది. హెలెన్ బాంబర్ సామాన్యురాలు కాదు. ఇరవై ఏళ్ల వయసులో, యుద్ధం ముగిసిన వెంటనే, జర్మనీలోని బెర్గెన్ బెల్సెన్ నాజీ శిబిరానికి సహాయ బృందంతో వెళ్లింది. అక్కడ బతికి ఉన్నవాళ్ల పక్కన కూర్చుని వాళ్లు చెప్పింది వినడమే తను చేయగలిగిన పని అని ఆ వయసులోనే గ్రహించింది. ఆ సంస్థకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది వేరే దేశాల నియంతల జైళ్ల నుంచి పారిపోయి వచ్చినవాళ్లు. అలాంటి చోటికి ఒక ముసలి బ్రిటిష్ సైనికుడు వెళ్లాడు. స్కాట్లండు సరిహద్దులోని బెరిక్ పట్టణం నుంచి లండన్‌కు రైల్లో వెళ్లి, ఆ గదిలో కూర్చుని, నలభై అయిదేళ్లుగా చెప్పనిది కొంచెం కొంచెంగా చెప్పడం మొదలుపెట్టాడు. అక్కడ ఎవరికీ తొందర లేదు. విచారణ గదిలో ప్రశ్నలున్నాయి, వినే మనిషి లేడు. ఇక్కడ వినే మనిషి ఉంది.

ఇక ఆ దుబాసీ. 1989లో లోమాక్స్ చేతికి ఒక పత్రిక కత్తిరింపు వచ్చింది. తనలాగే ఖైదీగా ఉన్న స్నేహితుడు ఇచ్చినది, జపాన్ టైమ్స్‌లో అచ్చయిన వ్యాసం. దాంట్లో నగాసే తకాషి అనే ముసలాయన ఫోటో. చూడగానే లోమాక్స్ గుర్తుపట్టాడు. ఆ దుబాసీ! బతికే ఉన్నాడు. యుద్ధం ముగియగానే మిత్రదేశాలవాళ్లు ఆ రైలు దారి పొడవునా సమాధులు వెతికి గుర్తించే బృందాన్ని పంపితే, దానికి దుబాసీగా వెళ్లింది ఈ నగాసేనే. అడవిలో గుట్టలు గుట్టలుగా బయటపడ్డ ఆ సమాధులు అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. తరువాతి దశాబ్దాల్లో అతను మళ్లీ మళ్లీ థాయ్‌లాండ్ వెళ్లాడు, వంతెన దగ్గర శాంతి కోసం బౌద్ధ ఆలయం కట్టించాడు, తన దేశపు సైన్యం చేసిన ఘోరాల గురించి జపానులోనే బహిరంగంగా మాట్లాడాడు. అలా మాట్లాడటం అక్కడ అందరూ మెచ్చుకునే పనేమీ కాదు.

నగాసే రాసిన చిన్న పుస్తకం ఇంగ్లీషు అనువాదం లోమాక్స్ దంపతులు తెప్పించుకుని చదివారు. అందులో చిత్రహింసలు పడిన ఒక ఖైదీ గురించి ఉంది. అది తానేనని లోమాక్స్‌కు అర్థమైంది. మరో చోట, యుద్ధ శ్మశానంలో నిలబడి ప్రార్థించినప్పుడు తనకు క్షమాపణ దొరికినట్టు అనిపించిందని నగాసే రాశాడు. లోమాక్స్‌కు ఒళ్లు మండింది. ఎవరు క్షమించారు నిన్ను? నేను ఇక్కడున్నాను, నన్నడిగావా? ఆయన మౌనంగానే ఉన్నాడు. కలం పట్టుకుంది ప్యాటీ. 1991లో ఆమె నగాసేకు జాబు రాసింది. మీరు రాసిన ఆ ఖైదీ నా భర్తే, ఆయన బతికే ఉన్నాడు, ఇన్నేళ్లుగా బాధపడుతూనే ఉన్నాడు, ఆయన మిమ్మల్ని క్షమించనప్పుడు మీకు క్షమాపణ దొరికిందని ఎలా అనుకుంటారు అన్నది ఆ జాబు సారం. తియ్యటి మాటల జాబు కాదది, నిలదీసే జాబు. ఆ ప్రశ్నకు నగాసే బొంకలేదు, సమర్థించుకోలేదు. తన గుండెలోకి దిగిన ఆ ప్రశ్నను మోస్తానని, ఆయన్ని కలవాలని ఉందని వినయంగా జవాబు రాశాడు. ఆ జవాబు చదివాక ప్యాటీ కోపం కరిగింది. తరువాత మెల్లగా లోమాక్స్ కోపం కూడా.

1993 మార్చి 26న, కాంచనబురిలో, క్వాయ్ నది ఒడ్డున ఇద్దరూ కలుసుకున్నారు. నగాసే వణుకుతూ వంగి నమస్కరించాడు, కన్నీళ్లతో మళ్లీ మళ్లీ క్షమించమన్నాడు. ఎన్నో ఏళ్లు చంపాలని కలలుగన్న మనిషిని లోమాక్స్ చెయ్యి పట్టుకుని ఒక బల్ల మీద కూర్చోబెట్టాడు. ఇద్దరు ముసలివాళ్లు గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఆ విచారణ గదిలో ఆ రోజు ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరికేం గుర్తుంది అని ఒకరి జ్ఞాపకాన్ని ఒకరు పూరించుకున్నారు. లోకంలో ఆ గది గురించి మాట్లాడుకోవడానికి ఒకరికొకరు తప్ప వాళ్లకు వేరే మనిషి లేడు.

అక్కడికక్కడే క్షమించేశాడనుకోకండి. లోమాక్స్ తొందరపడలేదు. తరువాత ప్యాటీతో కలిసి జపాను వెళ్లి, నగాసే ఊళ్లో ఉండి, హిరోషిమా చూశాక, టోక్యోలో ఒక హోటల్ గదిలో అతనితో ఒంటరిగా కూర్చుని తాను రాసి తెచ్చిన ఉత్తరం చదివి ఇచ్చాడు. జరిగింది మరచిపోలేనని, అయినా అతన్ని పూర్తిగా క్షమించానని దాని సారం. మరపు, క్షమ ఒకటి కావని అంత స్పష్టంగా చెప్పిన ఆయన నిజాయితీ నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు మర్చిపొమ్మన్నారు. ఆయన మర్చిపోకుండానే బయటపడ్డాడు.

1995లో ఆయన ఆత్మకథ ది రైల్వే మ్యాన్ వచ్చింది. మరుసటి ఏడాది బ్రిటన్‌లో ఎన్‌సీఆర్ బహుమతి, జె.ఆర్. ఆకర్లీ బహుమతి అందుకుంది. 2013లో అదే పేరుతో సినిమా వచ్చింది. కాలిన్ ఫర్త్, నికోల్ కిడ్‌మన్ నటించారు. నటన చక్కగా ఉంటుంది, చూడదగ్గ సినిమా. కానీ అందులో లోమాక్స్ ఒంటరిగా, కబురు చెయ్యకుండా, పగతో నగాసే దగ్గరికి వెళ్తాడు. నిజంగా జరిగింది వేరు. ముందు ఉత్తరాలు నడిచాయి, రెండేళ్లు గడిచాయి, థాయ్‌లాండ్ ప్రయాణంలో ప్యాటీ పక్కనే ఉంది. చికిత్స గదిలో గడిచిన నెలలు, ఉత్తరాలకు ఎదురుచూపులు, మధ్యలో వెనకడుగులు, ఇవి తెర మీద రక్తి కట్టవు. అయితే కోలుకోవడం అంటే అచ్చంగా ఇవే. కత్తి పట్టుకుని ఒక మధ్యాహ్నం వెళ్లి సాయంత్రానికి మనసు తేలికపడి వచ్చే ప్రయాణం కాదది.

ప్రేమ ఆయన్ని బాగు చేసిందని చాలామంది రాశారు. నేను అలా అనను. ప్రేమే మందయితే మొదటి భార్య ప్రేమకూ నయమై ఉండాలి కదా. ఆమె కూడా ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనిషే. ఆయనకు ఏం జరిగిందో ఆమెకు చెప్పినవాళ్లు లేరు, ఎక్కడికి తీసుకెళ్లాలో చెప్పినవాళ్లు లేరు. ప్యాటీ నాటికి కాలం మారింది, జబ్బుకు పేరొచ్చింది, వైద్యం చేసే చోటు ఏర్పడింది. ప్యాటీ ప్రేమ చేసిన మేలు, ఆయన్ని ఆ చోటి దాకా నడిపించడం, వచ్చేటప్పుడు పోయేటప్పుడు పక్కన ఉండటం. వైద్యం చేసేవాళ్లు లేకుండా ఆ ప్రేమ ఒక్కటే చాలేది కాదు. ఆ ప్రేమ లేకుండా ఆయన ఆ గుమ్మం ఎక్కేవాడూ కాదు.

నగాసే 2011లో, లోమాక్స్ 2012 అక్టోబరు 8న బెరిక్‌లో కన్నుమూశారు. లోమాక్స్‌కు తొంభై మూడేళ్లు. చివరి దాకా ఆ ఇద్దరి స్నేహం నిలిచింది.

శ్రోతలారా, మన తెలుగునాట సైనికులున్న ఇళ్లకు కొదవ లేదు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. తరతరాలుగా ఇంటింటి నుంచి సైన్యానికి పంపిన ఊరు, మిలిటరీ మాధవరమనే పేరు తెచ్చుకున్న ఊరు. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడి మనుషులు వెళ్లారు. అలాంటి ఊళ్లు, ఇళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా ఉన్నాయి. కార్గిల్‌లో పోరాడినవాళ్లు, శ్రీలంక వెళ్లిన శాంతి సేనలో పని చేసినవాళ్లు, కశ్మీరులో, ఈశాన్య రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి కాపలా కాసినవాళ్లు ఇవాళ మన మధ్య బ్యాంకుల ముందు సెక్యూరిటీ గార్డులుగా, వ్యవసాయదారులుగా, పింఛనుదారులుగా ఉన్నారు. ఆగస్టు 15న వాళ్లకు శాలువా కప్పుతాం. మిగతా రోజుల్లో వాళ్ల రాత్రులు ఎలా గడుస్తున్నాయో అడగం.

మీ ఇంట్లో అలాంటి తండ్రి గానీ, అన్న గానీ, భర్త గానీ ఉండి, నిద్రలో ఉలిక్కిపడి లేస్తుంటే, కారణం లేకుండా రోజుల తరబడి మూగబోతుంటే, తాగుడులో తలదాచుకుంటుంటే, అది ఆయన స్వభావమని వదిలెయ్యకండి. నిలదీయనక్కర్లేదు, బలవంతపెట్టి చెప్పించనక్కర్లేదు. పక్కన కూర్చోండి, చెప్పాలనిపించినప్పుడు వింటామని చెప్పండి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లు ఉన్నాయి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. సైన్యంతో సంబంధం లేనివాళ్లకు కూడా, మానసిక సమస్య ఎలాంటిదైనా, కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలిమానస్ ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. రాత్రి పగలు ఎప్పుడైనా చెయ్యవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు రాసి పెట్టుకోండి, అవసరమున్న ఇంటికి చేరవెయ్యండి.